టేకాఫ్‌కి ఫ్లాప్ వేయాలా, వద్దా: నేల మీద చేబదులు, గాల్లో వడ్డీ

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తోంది గానీ అందులో మూడున్నాయి. సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ ప్రతి టేకాఫ్‌కీ పది డిగ్రీల ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలక) వేయమంటున్నారు, ఇంకొకరు సున్నా చాలంటున్నారు, ఎవరి మాట వినాలి అన్నది మొదటిది. ఫ్లాప్ వేస్తే విమానం తొందరగా లేస్తున్నప్పుడు తొందరగా ఎక్కాలి కూడా కదా, ఎందుకు ఎక్కట్లేదు అన్నది రెండోది. ఫ్లాప్ లిఫ్ట్‌ని, అంటే విమానాన్ని పైకి లేపే బలాన్ని, పెంచేదే అయితే ముప్ఫై డిగ్రీలూ దించేస్తే పోయేదేముంది అన్నది మూడోది.

మూడో దానితో మొదలుపెడతాను. దాని జవాబు నేను ఒళ్ళంతా చెమటలు పట్టి నేర్చుకున్నాను.

అప్పటికి నాకు అరవై గంటల అనుభవం కూడా లేదు. మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. సెస్నా 152, కుడివైపు సీట్లో మా ఇన్‌స్ట్రక్టర్ గారు. టచ్ అండ్ గో చేస్తున్నాం, అంటే చక్రాలు తాకించి ఆగకుండా మళ్ళీ లేవడం. ఫుల్ ఫ్లాప్‌తో దిగాను, చక్రాలు తాకాయి, ఫ్లాప్ లీవర్ పైకి నెట్టాను, థ్రాటిల్ పూర్తిగా ఇచ్చాను. విమానం నేను లాగకముందే లేచింది. ఆహా, ఎంత హాయిగా లేచిందో అనుకున్నాను. ఆ సంబరం నాలుగు సెకన్లు. పదడుగుల ఎత్తులో అంటుకుపోయినట్టు ఆగిపోయింది. ఎయిర్‌స్పీడ్ ముల్లు యాభై దగ్గర కదలనంటోంది. రన్‌వే అయిపోతోంది, అవతల తుమ్మచెట్లు. చెట్లు కనిపిస్తే చెయ్యి ఏం చేస్తుంది? యోక్ (ముక్కు ఎత్తి దించే స్టీరింగ్) వెనక్కి లాగుతుంది. లాగాను. స్టాల్ హారన్ కీచుమంది, అంటే రెక్క లిఫ్ట్ కోల్పోబోతోందన్న హెచ్చరిక.

మా ఇన్‌స్ట్రక్టర్ గారు ఒక్క మాట కూడా అనకుండా యోక్ ముందుకు నెట్టారు. చెట్ల వైపే ముక్కు దించుతున్నారని నా గుండె ఆగినంత పనైంది. స్పీడు రెండు నాట్లు, మూడు నాట్లు పెరిగింది. (వరి నాట్లు కాదు, గంటకు ఇన్ని నాటికల్ మైళ్ళు అని.) చెట్ల మీదుగా ఎలాగో దాటాం. అప్పుడన్నారాయన: "రెక్క చూడు." మెడ తిప్పి కిటికీలోంచి వెనక్కి చూస్తే ఫ్లాప్ పూర్తిగా దిగే ఉంది, సగం తెరిచిన తలుపులా వేలాడుతోంది. లీవర్ సున్నా మీద ఉంది, ఫ్లాప్ ముప్ఫై మీద ఉంది. ఫ్లాప్‌ని కదిపే మోటార్ సర్క్యూట్ బ్రేకర్ ట్రిప్ అయింది. నేను లీవర్ చూశాను గానీ పక్కనున్న ఇండికేటర్ ముల్లు చూడలేదు. మూడొందల అడుగుల ఎత్తులోనే, రెక్క పెద్దగా వంచకుండా, ఊరంతా తిరిగినంత పెద్ద సర్క్యూట్ కొట్టి ఆయనే దించారు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా లీవర్ కదిపాక నా చూపు ముల్లు మీదికీ, అక్కణ్ణుంచి రెక్క మీదికీ వెళ్ళకుండా ఉండదు.

ఆ విమానం ముప్ఫై డిగ్రీలతో లేచింది, అది కూడా తొందరగా లేచింది. ఎక్కడానికే మొరాయించింది. మీ మూడు ప్రశ్నలకీ జవాబు ఆ తేడాలోనే ఉంది.

రెక్క వెనక అంచు కిందికి వంచితే రెక్క వంపు పెరుగుతుంది. అదే స్పీడులో, అదే కోణంలో ఎక్కువ లిఫ్ట్ ఇస్తుంది. కాబట్టి స్టాల్ స్పీడు తగ్గుతుంది, తక్కువ స్పీడుకే నేల వదులుతుంది. కానీ లిఫ్ట్ ఊరికే రాదు, వెంట డ్రాగ్‌ని, అంటే వెనక్కి లాగే గాలి నిరోధాన్ని, తెస్తుంది. రెండూ ఒకే లెక్కన పెరిగితే గొడవే లేదు. మొదటి పది డిగ్రీలకి లిఫ్ట్ బాగా పెరుగుతుంది, డ్రాగ్ కొంచెమే పెరుగుతుంది. ఇరవై దాటాక లిఫ్ట్ అంతంతమాత్రంగా పెరుగుతుంది, డ్రాగ్ మాత్రం గుట్టలా పెరుగుతుంది. దిగేటప్పుడు మనకి కావలసింది ఆ డ్రాగే, అందుకే ముప్ఫై ఉంది. నా విద్యార్థులకి ఇలా చెప్పేవాణ్ణి: పది డిగ్రీలు పక్కింటాయన దగ్గర తెచ్చుకున్న చేబదులు, ముప్ఫై డిగ్రీలు నూటికి పది రూపాయల వడ్డీ. డబ్బు చేతికొచ్చేది రెండింట్లోనూ నేల మీదే, కట్టాల్సింది గాల్లో.

ఇప్పుడు చేబదులు ఎంత దొరుకుతుందో చూద్దాం. 172ఎస్ మోడల్ తీసుకుంటున్నాను, 180 గుర్రాల లైకమింగ్ ఇంజిన్, గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. మామూలు టేకాఫ్‌లో 55 నాట్లకి ముక్కు ఎత్తమంటుంది విమానంతో వచ్చే హ్యాండ్‌బుక్. షార్ట్ ఫీల్డ్ (పొట్టి రన్‌వే) అయితే పది డిగ్రీల ఫ్లాప్‌తో 51కే లేపి, యాభై అడుగుల ఎత్తు వచ్చేదాకా 56 పట్టుకోమంటుంది. నాలుగు నాట్లే కదా అనిపిస్తుంది. కానీ నేల మీద పరుగు స్పీడు వర్గాన్ని బట్టి పోతుంది. 51ని 51తో గుణిస్తే 2,601, 55ని 55తో గుణిస్తే 3,025. అంటే 14 శాతం తక్కువ. అందులో ఫ్లాప్ డ్రాగ్ తినేది కాస్త తినగా చేతికి మిగిలేది సుమారు పది శాతం. హ్యాండ్‌బుక్ చెప్పేది కూడా అదే: పది డిగ్రీలతో నేల పరుగూ, అడ్డంకి దాటేదాకా మొత్తం దూరమూ సుమారు పది శాతం తగ్గుతాయి. పది దాటిన ఫ్లాప్‌తో టేకాఫ్‌కి అనుమతే లేదు, అక్కడితో మీ మూడో ప్రశ్న చట్టప్రకారం కూడా ముగిసినట్టే.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. ఫ్లాప్ పది వేస్తారు, స్పీడు మాత్రం అలవాటు ప్రకారం అరవైదాకా నేల మీదే పట్టుకుంటారు. ఇది అప్పు తెచ్చి బీరువాలో పెట్టుకుని వడ్డీ కట్టడం లాంటిది. లాభమంతా స్పీడు తగ్గడంలోనే ఉంది. ఆ తక్కువ స్పీడు వాడుకోనప్పుడు ఫ్లాప్ వేసి ప్రయోజనం లేదు, డ్రాగ్ మాత్రం మిగులుతుంది. హ్యాండ్‌బుక్‌లో ఫ్లాపూ, స్పీడూ ఒకే వరుసలో రాసి ఉంటాయి. ఒకటి తీసుకుని రెండోది వదిలేస్తే ఆ పట్టికలో అంకెలు మీ విమానానివి కావు.

రెండో ప్రశ్నకి వస్తే, ఎక్కడం అన్న మాటని మనం రెండు అర్థాల్లో వాడుతున్నాం. నిమిషానికి ఎన్ని అడుగులు పైకి వెళ్తున్నాం అన్నది ఒకటి, ముందుకి వంద అడుగులు పోతే ఎన్ని అడుగులు పైకి పోయాం అన్నది ఇంకొకటి. వేరియోమీటర్ చూపించేది మొదటిది. ఎదురుగా ఉన్న తాటిచెట్టు దాటడానికి కావలసింది రెండోది. ఇంజిన్ ఇచ్చే శక్తిలో డ్రాగ్‌ని ఎదుర్కోగా మిగిలినదే మనల్ని పైకి తీసుకెళ్తుంది. ఫ్లాప్ డ్రాగ్ పెంచుతుంది కాబట్టి నిమిషానికి ఎక్కే అడుగులు తగ్గడం ఖాయం, అందులో సందేహం లేదు. కోణం సంగతి అంత సూటిగా ఉండదు.

లెక్కలో చూడండి. ఫ్లాప్ లేకుండా 74 నాట్లతో నిమిషానికి 710 అడుగులు ఎక్కుతున్నారనుకోండి. 74 నాట్లంటే నిమిషానికి దాదాపు 7,500 అడుగులు ముందుకి. వందకి తొమ్మిదిన్నర అడుగులు పైకి. ఇప్పుడు పది డిగ్రీలతో 56 నాట్లు, ఎక్కడం 600కి పడిపోయిందని అనుకుందాం. ముందుకి పోయేది నిమిషానికి 5,700 అడుగుల లోపే. వందకి పదిన్నర! వేరియోమీటర్‌లో వంద అడుగులు పోయినా కోణం నిటారైంది, ఎందుకంటే చెట్టు దగ్గరికి నెమ్మదిగా వెళ్తున్నాం. ఈ 600 అన్నది నేను ఉదాహరణకి తీసుకున్న అంకె, పట్టికలోది కాదు. పైగా సరైన పోలిక ఇది కూడా కాదు. ఫ్లాప్ లేకుండానే 62 నాట్లు పట్టుకుంటే, అంటే ఆ విమానానికి నిటారు కోణమిచ్చే స్పీడులో, ఆ కోణం ఫ్లాప్ కోణానికి దాదాపు సమానంగా వచ్చేస్తుంది. అక్కడ ఫ్లాప్ గెలిచేది నేల మీద మిగిల్చిన దూరంతోనే. అడ్డంకి దగ్గర్లో ఉంటే ఆ మిగులు పనికొస్తుంది. అడ్డంకి కిలోమీటరు అవతల, రెండొందల అడుగుల ఎత్తులో ఉంటే నేల మీద మిగిల్చింది దారిలోనే ఖర్చైపోతుంది, ఫ్లాప్ లేనివాడే పైన ఉంటాడు.

అడ్డంకి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుందనడానికి సెస్నా వాళ్ళ సొంత ఇంట్లోనే సాక్ష్యముంది. 150ఎం పుస్తకం తీయండి. పది డిగ్రీలతో నేల పరుగు సుమారు పది శాతం తగ్గుతుంది గానీ, యాభై అడుగుల అడ్డంకి దాటేసరికి ఆ లాభం పోతుంది, అందుకే మామూలు టేకాఫ్‌కీ షార్ట్ ఫీల్డ్‌కీ ఫ్లాప్ వద్దు, మెత్తటి నేలకో గతుకుల నేలకో దాచుకో అంటుంది. 152 పుస్తకం తీయండి. చూడటానికి కవల పిల్లలే. ఒకదానికి 100 గుర్రాలు, ఇంకొకదానికి 110. అది మాత్రం పది డిగ్రీలతో అడ్డంకి దాటేదాకా మొత్తం దూరమే పది శాతం తగ్గుతుందంటుంది. పైపర్ వారియర్ దగ్గరికి వెళ్తే షార్ట్ ఫీల్డ్‌కి ఏకంగా 25 డిగ్రీలు వేయమంటుంది. సెస్నా అలవాటుతో అక్కడ పదే వేస్తే తప్పు, పైపర్ అలవాటుతో ఇక్కడ పాతిక వేయబోతే ఇంకా పెద్ద తప్పు. క్లబ్బులో కూర్చుని "ఫ్లాప్ మంచిదా చెడ్డదా" అని వాదించుకునేవాళ్ళలో సగంమంది వేరువేరు విమానాల గురించి మాట్లాడుకుంటుంటారు.

ఎండ సంగతి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి 1,740 అడుగుల పైచిలుకు. ఆ ఎత్తుకి ప్రామాణిక ఉష్ణోగ్రత పదకొండున్నర డిగ్రీలు. మేలో 40 ఉందనుకోండి, తేడా ఇరవై ఎనిమిదిన్నర. డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు, 5,000 అడుగులు దాటుతుంది. ఎండాకాలంలో గాలి పీడనం కూడా తక్కువే ఉంటుంది, ఇంకో రెండు మూడొందల అడుగులు దానికి వేసుకోండి. మీరు బేగంపేటలో ఉన్నామనుకుంటారు, మీ ఇంజిన్, మీ రెక్క మాత్రం కొండ మీదున్నాయి. కోస్తా వాళ్ళు మాకేం భయం అనుకోవద్దు. గన్నవరం ఎత్తు వంద అడుగుల లోపే, కానీ 44 డిగ్రీల రోజున లెక్క వేస్తే 3,500 అడుగుల దాకా వస్తుంది. ట్రైనింగ్‌కి అమెరికా ఎడారిలోని ఫీనిక్స్ వైపు వెళ్ళిన మన పిల్లలకైతే ఇది చెప్పక్కర్లేదు.

టర్బో లేని ఇంజిన్ వెయ్యి అడుగులకి సుమారు మూడు శాతం శక్తి కోల్పోతుంది. ఐదు వేలకి పదిహేను శాతం. గాలి పలచబడింది కాబట్టి అదే 51 నాట్లు ఇండికేటర్‌లో కనిపించాలంటే నిజంగా ఏడెనిమిది శాతం ఎక్కువ స్పీడుతో పరిగెత్తాలి. 172ఎస్ పట్టికలోనే చూడండి: సముద్ర మట్టంలో 20 డిగ్రీలకి షార్ట్ ఫీల్డ్ నేల పరుగు 995 అడుగులు, యాభై అడుగులు దాటడానికి 1,690. రెండు వేల అడుగుల ఎత్తులో 40 డిగ్రీలకి అవే 1,380, 2,355. ఇవి కొత్త విమానం, గట్టి పొడి రన్‌వే, చెయ్యి తిరిగిన పైలట్‌తో వచ్చిన అంకెలు. పొడి గడ్డి అయితే నేల పరుగుకి ఇంకో 15 శాతం కలపమని ఆ పట్టిక కిందే రాసి ఉంటుంది. వెనక గాలి అయితే ప్రతి రెండు నాట్లకీ పది శాతం.

ఈ ఎండలో ఫ్లాప్ ఏం చేస్తుందంటారా? ఫ్లాప్ డ్రాగ్‌కి ఎండతో పనిలేదు, అది అడిగే మూల్యం ఇంచుమించు అంతే. నిమిషానికి 60, 70 అడుగులు దానికి పోతుందనుకుందాం. చల్లటి పొద్దున 700 వస్తున్నప్పుడు అది పదో వంతు, పట్టించుకోం. నలుగురు కూర్చుని, ట్యాంకులు నిండా పోసి, ఎండలో 250 మాత్రమే వస్తున్నప్పుడు అదే 70 అంటే పావు వంతు పైన. జీతం తగ్గినా ఇంటద్దె తగ్గదు కదా. అందుకే వేడిలో, ఎత్తులో, నిండు బరువుతో ఉన్నప్పుడు నేను పది డిగ్రీలు కూడా ఆలోచించే వేస్తాను, అంతకంటే ముందు ఒక మనిషిని దింపేస్తాను. ఫ్లాప్ ఎన్ని డిగ్రీలు అన్న వాదన కంటే పొద్దున ఏడింటికి బయల్దేరడం వందరెట్లు మేలు.

నేల దగ్గర ఇంకో మోసం ఉంది. 172 రెక్కల వెడల్పు, ఒక కొస నుంచి ఇంకో కొసకి, 36 అడుగులు. ఆ ఎత్తు లోపల ఉన్నంతసేపు గ్రౌండ్ ఎఫెక్ట్ వల్ల డ్రాగ్ తగ్గుతుంది, నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత తగ్గుతుంది. ఫ్లాప్‌తో తొందరగా లేచిన విమానం ఆ మెత్తటి పరుపు మీద తేలుతుంది. ఇంకొంచెం లాగితే పరుపు దాటి పైకొస్తుంది, డ్రాగ్ ఒక్కసారి మీద పడుతుంది. ఆ మధ్యాహ్నం నాకు జరిగింది అచ్చంగా ఇదే. మా ఇన్‌స్ట్రక్టర్ గారు ముక్కు దించింది ఆ పరుపు మీదే స్పీడు కూడబెట్టుకోవడానికి.

ఇక ఫ్లాప్ తీయడం. చెట్టు దాటింది, 60 నాట్లు దాటింది, విమానం నిజంగా ఎక్కుతోంది అన్న మూడూ చూసుకున్నాకే లీవర్ మీద చెయ్యి పెట్టండి. ఫ్లాప్ లేస్తున్నప్పుడు రెక్క లిఫ్ట్ తగ్గుతుంది, ముక్కు కొంచెం ఎత్తి ఆ లోటు భర్తీ చేయకపోతే విమానం కిందికి కూరుకుపోతుంది. వంద అడుగుల ఎత్తులో తొందరపడి తీస్తే ఆ కూరుకుపోవడం కడుపులో తెలుస్తుంది. గో అరౌండ్‌లో (దిగబోయి, దిగకుండా మళ్ళీ పైకి వెళ్ళడం) అయితే ముప్ఫై నుంచి ఇరవైకి వెంటనే తీసేయాలి, మిగతాది మెట్టు మెట్టుగా. ఒకేసారి సున్నా చేసేస్తే అప్పు మొత్తం ఒకే రోజు కట్టమన్నట్టుంటుంది. పాత 172ల్లో నలభై డిగ్రీల దాకా ఉండేది. ఫుల్ ఫ్లాప్‌తో గో అరౌండ్ చేస్తే ఎక్కడానికి అవి పడే అవస్థ అందరికీ తెలిసిందే. 1981లో వచ్చిన 172పీ నుంచి ముప్ఫైతో సరిపెట్టారు.

ఎవరైనా "పెద్ద విమానాలు ప్రతి టేకాఫ్‌కీ ఫ్లాప్ వేస్తాయి కదా" అంటే, వాటి రెక్క వేరు. వేగంగా పోవడానికి పలచగా, వెనక్కి వాల్చి చేసిన రెక్క అది, ఫ్లాప్ లేకుండా తక్కువ స్పీడులో లేవనే లేవదు. 1987లో డెట్రాయిట్‌లో, 2008లో మాడ్రిడ్‌లో ఎండీ-82 అనే ప్రయాణికుల జెట్ విమానాలు ఫ్లాప్ వేయకుండా టేకాఫ్ చేయబోయి కూలిపోయాయి. మన చిన్న విమానాల రెక్క పుట్టుకతోనే మందంగా, నిదానం పనికి చేసింది. అక్కడ ఫ్లాప్ మరిస్తే ప్రమాదం, ఇక్కడ ఎక్కువైతే ప్రమాదం.

ఇదంతా నా మాట మీద నమ్మక్కర్లేదు. ఈసారి ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్ళినప్పుడు నేల నుంచి మూడు వేల అడుగుల పైన చేసి చూడండి. ఫుల్ ఫ్లాప్ దించి, 60 నాట్ల దగ్గర పట్టుకుని, పూర్తి థ్రాటిల్ ఇచ్చి వేరియోమీటర్ ఎంత చూపిస్తోందో మోకాలి మీద ప్యాడ్‌లో రాసుకోండి. స్పీడు మార్చకుండా ఇరవైకి తీయండి, నిలకడ వచ్చాక రాయండి. తర్వాత పది, తర్వాత సున్నా. నాలుగు అంకెల్లో పెద్ద గెంతు మొదటి మెట్టు దగ్గర కనిపిస్తుంది, చివరి మెట్టు దగ్గర తేడా కోసం వెతుక్కోవాలి. సున్నాకి వచ్చేసరికి అదే 60 నాట్లకి ముక్కు ఎంత ఎత్తులో ఉందో కూడా గమనించండి. ఇదే పని మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చేస్తే ఎండ పాఠం కూడా అయిపోతుంది.

మీ ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్ల తగవు సంగతి: 172ఎస్ పుస్తకం మామూలు టేకాఫ్‌కి సున్నా నుంచి పది దాకా ఏదైనా సరేనంటుంది కాబట్టి ఇద్దరూ తప్పు చెప్పట్లేదు. పొడవైన సిమెంట్ రన్‌వే, పక్కగాలి కుదుపులు ఉంటే నేను సున్నావైపు. వాన పడ్డ గడ్డి రన్‌వే అయితే పది, చక్రాల మీద బరువు ఎంత త్వరగా తగ్గితే అంత మంచిది. మీరు నడిపేది ఎస్ మోడలేనా, పాతదా అన్నది రాయలేదు. పాతదైతే స్పీడులన్నీ మారతాయి, కొన్నింట్లో ఫ్లాప్ స్విచ్‌కి పది దగ్గర ఆగే గాటు కూడా ఉండదు, ముల్లు చూస్తూ నొక్కి పట్టుకోవాలి. మోడల్, సంవత్సరం చెప్పండి, ఆ పుస్తకం లెక్కలతోనే మాట్లాడుకుందాం.